ఏడో మరమేకు

జూలై. బల్లరాట్‌లో కారు అద్దాల మీద మంచు గీక్కునే పొద్దు.
బల్ల మీద హార్డ్ డ్రైవ్:
టిక్… టిక్… టిక్… టక్.
కాసేపు ఊపిరి బిగబట్టి, మళ్లీ మొదలు.

మూడేళ్లు కప్పల అరుపులు విన్న చెవి నాది.
మడుగు ఒడ్డున చీకట్లో చతికిలబడి
ఇది జత కోసం, ఇది వట్టి బెదిరింపు,
ఇది వాన వస్తుందని, అని విడదీసి రాసుకున్నదాన్ని.
ఈ టిక్కు ఏ జాతిదో వెంటనే తెలిసింది.
లోపల ముల్లు దారి తప్పి
గోడకి తల బాదుకుంటోంది.

షాపువాడు బంగాళాదుంపలా అరచేతిలో ఎత్తి చూశాడు.
రెండువేల రెండొందల డాలర్లు,
వస్తుందన్న హామీ లేదు.
నా కారు అమ్మినా అంత రాదు.

కనుక నాటువైద్యం.
జిప్ సంచీలో పెట్టి, గాలి పిండేసి,
ఫ్రీజర్లో బఠాణీల పక్కన రాత్రంతా పడుకోబెట్టాను.
పొద్దున తాషా తలుపు తీసి చూసి
ఏమీ అనలేదు.
తన ఐస్‌క్రీమ్ డబ్బా మాత్రం కింది అరకు మార్చుకుంది.

తీసి తగిలిస్తే
తిరిగింది!
పాత మిక్సీలా మూలిగి, గొంతు సవరించుకుని, తిరిగింది.
ఫోల్డర్లు ఒక్కొక్కటే కళ్లు తెరిచాయి.
ఎంతసేపుంటుందో తెలియని దాన్ని
ముందు ఏమడగాలి?
చెయ్యి వణికి అన్నీ కలిపి లాగాను.
అది దానికి తోచిన వరసలో ఇస్తూ పోయింది
పదకొండు నిమిషాలు.
ఆ తర్వాత, టిక్.

అక్కడితో ఆగితే నేను మనిషినే కాదు.

బాత్రూంలో వేడినీళ్లు వదిలాను,
ఆవిరికి దుమ్ము కిందికి దిగుతుందని ఎవరో అనగా విని.
నెత్తికి షవర్ టోపీ, చేతులకు ఊదారంగు తొడుగులు,
నక్షత్రం మూతి స్క్రూడ్రైవర్.
మరమేకులకు పోపులపెట్టె:
మెంతుల గిన్నెలో పొడవైనవి, ఆవాల గిన్నెలో పొట్టివి.
అడుగున ఇంకా కాసిన్ని ఆవాలున్నాయి, చూసుకోలేదు.
ఆఖరి మేకు స్టిక్కరు కింద దాక్కుంది.
చింపితే వారంటీ చెల్లదట.
అది చెల్లిపోయి నాలుగేళ్లు.

మూత లేచింది.
ఇంత నున్నటి వస్తువు
నా ఇంట్లో ఉందని నాకే తెలియదు.
లోపల్నుంచి, టోపీ పెట్టుకున్న దొంగ ఒకతె
నన్ను ఎగాదిగా చూసింది.
ఆమె మెడ మీదుగా సన్నటి గీత, గుండ్రంగా,
గాజు చిట్లి మణికట్టు మీద గీరినట్టు.
ఆ గీతలోనే ఉండాలి
నిరుటి సెప్టెంబరు,
మడుగు ఎండక ముందు ఆఖరి వారం,
ఒక్కసారే విని, మళ్లీ వినని ఆ ఈల.
నోటితో ఊదకూడదని తెలుసు.
ఊదాను.
టోపీ అంచు నుంచి ఒక చుక్క
సరిగ్గా నడిమధ్యన పడింది.

దక్కినవేమిటో సాయంత్రం దాకా చూడలేదు.
చూస్తే,
మొత్తం 'చెత్త' అన్న ఫోల్డరే.
గాలి మైకును కొట్టినవి, పాల లారీ వెళ్లినవి,
గ్లెనిస్ దగ్గినవి.
ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపి,
ఇంట్లో తోచక నాకు టార్చి పట్టడానికొచ్చిన గ్లెనిస్.
ఒకదాంట్లో ఆమె బూటు బురదలో కూరుకుపోయింది.
తను పగలబడి నవ్వడం, నేను తెలుగులో తిట్టడం,
ఆ గోలకి మడుగు మడుగంతా నోరు కట్టేసుకోవడం.
నలభై సెకన్లు ఏమీ లేదు.
మా ఇద్దరి ఆయాసం తప్ప.
తర్వాత ఎక్కడో దూరంగా, ధైర్యం చేసి,
బాంజో తీగ లాగి వదిలినట్టు
ఒకటి: టొంక్.

గ్లెనిస్‌కి ఫోన్ చేసి చెప్పాను, మూడేళ్లూ పోయాయని.
"కప్పలు పోలేదుగా" అంది.
దగ్గింది.
"ఆగస్టులోపు నాకో జత బూట్లు కొను."

మూత బిగించేశాను, ఎందుకో.
తీసినవి ఏడు, దొరికినవి ఆరు.

మర్నాడు పప్పులోకి పోపు వేస్తే
ఆవాలన్నీ చిటపటలాడి సద్దుమణిగాక
నూనె మధ్యలో ఒకటి
ఎంతకీ చిట్లకుండా
మెరుస్తూ కూర్చుంది.